రాజుగారు గుర్రం దిగాలా?



మనం చేతులు జోడించి తలచుకునే ఒక పుణ్యపురుషుడు తన జీవితంలో పెద్ద అన్యాయం కూడా చేశాడని తెలిస్తే ఏం చేయాలి? ఆయన పటాన్ని గోడ మీద నుంచి దించేయాలా? లేక ఆ సంగతి పిల్లల చెవిన పడకుండా జాగ్రత్తపడాలా?

ఈ ప్రశ్న నా అంతట నాకు పుట్టింది కాదు. 2020 జూన్ నెలాఖరులో, ఇక్కడ గుళ్లు మూసి ఉన్న కరోనా రోజుల్లో, ఒక రాత్రి మా మనుమడు అమెరికా నుంచి ఫోను చేశాడు. అతడు అప్పట్లో సెయింట్ లూయిస్ నగరంలో చదువుకుంటున్నాడు.

"తాతయ్యా, ఇక్కడి పార్కులో పునీత లూయీ రాజుగారి విగ్రహం ఉంది. ఒక పక్క మనవాళ్లు దాని ముందు జపమాల చెబుతున్నారు. ఇంకో పక్క దాన్ని తీసేయమని కొందరు నినాదాలు చేస్తున్నారు. నాతోపాటు గదిలో ఉండే స్నేహితుడు యూదుడు. అతడు రెండో పక్క ఉన్నాడు. నేను ఎటు నిలబడాలి?" అని అడిగాడు.

"మన పునీతుడు కదరా, జపమాల చెప్పేవాళ్ల పక్కనే నిలబడు" అన్నాను వెంటనే. ఫోను పెట్టేశాక మాత్రం నిద్రపట్టలేదు. ఎందుకు పట్టలేదో చివరికి చెబుతాను. ముందు ఆ విగ్రహం గురించి, ఆ రాజు గురించి తెలుసుకుందాం.

సెయింట్ లూయిస్ నగరం మిసిసిపీ నదికి పడమటి ఒడ్డున ఉంది. 1764లో ఫ్రెంచి వర్తకులు అక్కడ ఒక స్థావరం ఏర్పరచుకొని, తమ దేశాన్ని ఏలిన పునీతుడైన తొమ్మిదవ లూయీ పేరు దానికి పెట్టుకున్నారు. 1904లో ఆ నగరంలో గొప్ప ప్రపంచ ప్రదర్శన జరిగింది. అందులో చార్లెస్ నీహౌస్ అనే శిల్పి ప్లాస్టరుతో చేసిన రాజుగారి విగ్రహాన్ని నిలబెట్టారు. ప్రదర్శన ముగిశాక దాన్ని కంచుతో పోతపోయించి, 1906లో నగరానికి బహూకరించారు. ఫారెస్ట్ పార్కులో, కళల మ్యూజియం ముందు, అది నేటికీ ఉంది. ఎన్నో ఏళ్లపాటు ఆ నగరానికి గుర్తుగా అందరూ చూపించింది ఆ విగ్రహాన్నే.

రాజుగారు కవచం తొడుక్కొని, కిరీటం పెట్టుకొని, గుర్రం మీద ఉంటారు. కత్తి మాత్రం తలకిందులుగా ఉంటుంది. మొన కిందికి, పిడి పైకి. అలా పట్టుకోవడంవల్ల పిడి సిలువలా కనిపిస్తుంది. మనలాంటి వాళ్లం చూస్తే, యుద్ధాన్ని సిలువ జయించిందని అనుకుంటాం. ఆ కత్తి దెబ్బ తిన్నవారి సంతతికి మొదట కనిపించేది కత్తే. ఒకే కంచు ముక్కలో ఒకరికి సిలువ, మరొకరికి కత్తి కనిపించడంలోనే ఈ తగాదా అంతా ఉంది.

ఆ రాజు ఎవరు? 1214లో పుట్టాడు. 1226లో తండ్రి చనిపోతే పన్నెండేళ్ల వయసులో సింహాసనం ఎక్కాడు. తల్లి బ్లాంష్ రాణి అతన్ని దైవభక్తితో పెంచింది. పెద్దవాడయ్యాక రోజూ 120 మంది పేదలకు తన ఇంట్లో అన్నం పెట్టించేవాడని అతని మిత్రుడూ జీవితచరిత్ర రాసినవాడూ అయిన జ్వాన్విల్ ప్రభువు చెబుతాడు. పారిస్‌లో 300 మంది అంధులకు ఒక ఆశ్రమం కట్టించాడు. "పదిహేను ఇరవైలు" అని అర్థం వచ్చే పేరుతో అది నేడు కంటి ఆసుపత్రిగా నడుస్తోంది. వేసవిలో దివ్యపూజ అయ్యాక వాన్‌సెన్ అడవిలో ఓక్ చెట్టుకు ఆనుకొని కూర్చొని, కాపలావాళ్లెవరూ అడ్డుపెట్టకుండా, మామూలు మనుషుల ఫిర్యాదులు స్వయంగా వినేవాడు. తన అడవిలో వేటాడారని ముగ్గురు కుర్రవాళ్లను ఉరితీయించిన ఒక గొప్ప ప్రభువును 1259లో న్యాయస్థానానికి ఈడ్చి, తోటి ప్రభువులు ఎంత మొరపెట్టుకున్నా వినకుండా భారీ జరిమానా వేశాడు.

ఇంకొక సంగతి. 1250లో ఐగుప్తులో క్రూసేడు యుద్ధంలో ఓడిపోయి, సుల్తాను సేనలకు బందీ అయ్యాడు. విడుదలకు పెద్ద మొత్తం చెల్లించాలి. డబ్బు తూకం వేసేటప్పుడు తన మనుషులు పదివేల లీవ్‌ర్ల మేర తక్కువ ఇచ్చి మోసం చేశారని తెలిసి మండిపడ్డాడు. ఆ తక్కువ సొమ్ము చెల్లించేదాకా ఊరుకోలేదు. శత్రువైనా, అన్యమతస్థుడైనా, ఇచ్చిన మాట ఇచ్చిన మాటే. ఇలాంటి మనిషి 1270 ఆగస్టు 25న ట్యూనిస్ దగ్గర మరో క్రూసేడులో జబ్బుచేసి కన్నుమూస్తే, 1297లో ఎనిమిదవ బోనిఫేస్ పాపుగారు ఆయన్ని పునీతుల జాబితాలో చేర్చారు.

ఇక రెండో వైపు చూద్దాం. 1240లో పారిస్ నగరంలో రాజుగారి ఆధ్వర్యంలో ఒక విచారణ జరిగింది. ముద్దాయి ఒక గ్రంథం. యూదులు తరతరాలుగా చదువుకునే తాల్ముదు అన్నమాట. అందులో క్రైస్తవ విశ్వాసాన్ని దూషించే మాటలున్నాయని ఆరోపణ. పాపుగారైన తొమ్మిదవ గ్రెగోరి అంతకుముందే ఈ విషయమై రాజులకు లేఖలు పంపారు. పారిస్‌కు చెందిన యెహీయేల్ అనే రబ్బీ తమ గ్రంథం తరఫున జవాబు చెప్పుకున్నాడు. ఆయన మాట నిలవలేదు. 1242లో బండ్లకెత్తి తెచ్చిన తాల్ముదు ప్రతులను నగరం నడిబొడ్డున తగలబెట్టారు. 24 బండ్లని చరిత్రకారులు చెబుతారు. అచ్చుయంత్రం లేని కాలం. ప్రతి పుస్తకం ఒకరెవరో ఏళ్లతరబడి దీపం వెలుగులో కూర్చొని చేత్తో రాసింది.

అక్కడితో ఆగలేదు. 1269లో యూదులంతా బట్టల మీద గుడ్డతో చేసిన గుండ్రటి గుర్తు కుట్టుకొని తిరగాలని రాజు శాసించాడు. యూదుల గురించి ఆయన అన్న చాలా కటువైన మాటలను జ్వాన్విల్ దాచకుండా రాసిపెట్టాడు. ఇక ఆయన నడిపిన రెండు క్రూసేడులు ఎందరి ప్రాణాలు తీశాయో చెప్పనక్కరలేదు.

ఈ మాట చెప్పగానే మనలో చాలామంది అనేది ఒకటుంది. "ఆ కాలం అలాంటిది. ఆ రోజుల్లో అందరూ అలాగే ఆలోచించేవారు." నేనూ ఎన్నోసార్లు అన్నాను. ఇందులో నిజం లేకపోలేదు. మనస్సాక్షికి తెలియక చేసిన తప్పుకూ, తెలిసి చేసిన తప్పుకూ తేడా ఉందని శ్రీసభ ఎప్పటి నుంచో బోధిస్తోంది. పాపసంకీర్తనానికి వెళ్లే ప్రతి బిడ్డకూ ఆ తేడా నేర్పుతాం. పదమూడవ శతాబ్దపు రాజును నేటి తూకంతో తూచి నరకానికి పంపే అధికారం మనకు లేదు.

అయితే "అందరూ" అంటే ఎవరు? బండ్లు తగలబడుతుంటే చూసి ఏడ్చినవారు కూడా ఆ కాలం వాళ్లే కదా! వాళ్లకు అది అన్యాయమని తెలుసు. ఆ రోజుల్లో జర్మనీకి చెందిన మెయీర్ అనే రబ్బీ ఆ గ్రంథదహనం మీద ఒక శోకగీతం రాశాడు. "ఆ కాలంలో అందరూ" అని మనం అన్నప్పుడు, ఆ కాలంలో బాధపడినవారిని మనుషుల లెక్కలోంచి తీసేస్తున్నాం. రాజుగారి తప్పుకు ఇది మనం చేసే రెండో తప్పు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టిన సంగతి ఇంకొకటి ఉంది. మొదటి క్రూసేడుకు బయలుదేరే ముందు, 1247లో, లూయీ రాజు ఒక అపూర్వమైన పని చేశాడు. రాజ్యమంతటా విచారణాధికారులను పంపించాడు. వారిలో ఫ్రాన్సిస్కు సభ, దోమినికు సభ గురువులు చాలామంది. వాళ్లు ఊరూరా తిరిగి ప్రజలను అడగవలసింది ఒక్కటే. "రాజుగాని, రాజుగారి అధికారులుగాని మీకు ఏమైనా అన్యాయం చేశారా? చెప్పండి." విన్నవి రాసుకున్నారు. అన్యాయంగా లాక్కున్నవి తిరిగి ఇప్పించారు. తన మీద తానే ఫిర్యాదులు రాబట్టుకున్న రాజులు లోకంలో ఎందరున్నారు? ఆత్మపరిశీలన అంటే పడుకోబోయే ముందు అయిదు నిమిషాలు కళ్లు మూసుకోవడం అనుకునే నాలాంటివాడికి ఇది సిగ్గు తెప్పించే సంగతి.

అంత నిజాయితీగా తన తప్పులు వెతుక్కున్న మనిషికి, ఆ విచారణకు అయిదేళ్ల ముందు తన రాజధానిలోనే ఎగసిన మంట తప్పుగా కనిపించలేదు. దానికోసం క్షమాపణ అడిగినవాడు కాదు. కంటి ముందున్న అన్యాయం భక్తిపరుడికి కూడా కనిపించకుండాపోవచ్చునన్నమాట. ఇది లూయీ రాజును చిన్నబుచ్చడానికి చెప్పడంలేదు. ఆయనకే కనిపించలేదంటే మనకు కనిపించనివి ఎన్ని ఉంటాయో అని చెబుతున్నాను.

మరి పునీతుడు అంటే ఎవరు? చేసిన ప్రతి పనీ సరైనదేనని శ్రీసభ ముద్రవేసిన మనిషి కాదు. దేవుని కృపవల్ల పరలోకం చేరాడని శ్రీసభ నమ్మి చెప్పే మనిషి. మన పరిశుద్ధ గ్రంథం ఈ విషయంలో ఎంత ధైర్యంగా ఉంటుందో చూడండి. దావీదు రాజు చేసిన ఘోరాన్ని అది దాచలేదు. మత్తయి సువార్త మొదట్లో క్రీస్తు ప్రభువు వంశావళి చదివేటప్పుడు, సొలోమోను తల్లిని పేరుపెట్టి చెప్పకుండా ఊరియా భార్య అంటారు. దావీదు చంపించిన ఆ మనిషి పేరు ప్రభువు వంశవృక్షంలో అలా నిలిచిపోయింది. పేతురుగారు ప్రభువును ఎరుగనని మూడుసార్లు బొంకిన సంగతి నాలుగు సువార్తల్లోనూ ఉంది. ఐరోపాలో ఎన్నో దేవాలయాల శిఖరాల మీద కోడిపుంజు బొమ్మ ఉంటుంది. పేతురుగారి బొంకునూ, ఆయన కన్నీళ్లనూ గుర్తుచేసేది ఆ కోడే. తప్పును దాచకుండానే గౌరవించవచ్చునని మన పెద్దలకు తెలుసు.

జ్వాన్విల్ ప్రభువుకూ తెలుసు. 1270 క్రూసేడుకు తనతో రమ్మని రాజు పిలిస్తే ఆయన వెళ్లలేదు. తన ఊరి ప్రజలు గతసారి తను లేనప్పుడు అధికారుల చేతుల్లో నలిగిపోయారని, వాళ్లను విడిచి వెళ్లనని చెప్పాడు. ఆ ప్రయాణానికి రాజును ప్రోత్సహించినవారు చావైన పాపం చేశారని నిర్మొహమాటంగా రాశాడు. అదే జ్వాన్విల్ 1282లో రాజుగారి పునీత పట్టం విచారణలో సాక్ష్యం చెప్పాడు. 1309లో ఆయన జీవితచరిత్ర పూర్తిచేశాడు. ప్రేమించినవాడే లోపం కూడా చెప్పాడు. లోపం చెప్పినంత మాత్రాన ప్రేమ తగ్గలేదు.

ఇక ఆ పార్కు సంగతి. అదే ఫారెస్ట్ పార్కులో ఇంకొక స్మారకం ఉండేది. అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని నిలబెట్టుకోవాలని పోరాడిన దక్షిణాది పక్షం స్మృతిగా 1914లో కట్టినది. 2017 జూన్‌లో దాన్ని తొలగించారు. "దాన్ని తీసినట్టే దీన్నీ తీయండి" అని కొందరి వాదన. నాకు తేడా ఉందనిపిస్తుంది. ఒక స్మారకం దేనిని గౌరవించడానికి కట్టారో చూడాలి. మొదటిది గౌరవించింది ఆ పోరాటాన్నే. రాజుగారి విగ్రహం పుస్తకాలు తగలబెట్టినందుకు పెట్టింది కాదు. ఊరికి పేరిచ్చిన మనిషిగా, న్యాయం చెప్పిన పాలకుడిగా నిలబెట్టారు. అందువల్ల అది ఉండాలనే నా అభిప్రాయం. అక్కడి అగ్రపీఠం వారు కూడా 2020లో అలాగే చెప్పారు.

అయితే ఒక మాట మరువకూడదు. అది మన గుడిలో పీఠం మీద ఉన్న స్వరూపం కాదు. ఊరందరి పార్కులో ఉన్న విగ్రహం. ఆ పచ్చిక మీద యూదుల పిల్లలు, ముస్లిముల పిల్లలు ఆడుకుంటారు. "ఇది మా పునీతుడు, మీరు నోరెత్తకండి" అనే హక్కు మనకు లేదు. ఒకవేళ ఏనాడైనా ఊరివాళ్లంతా కూర్చొని దాన్ని వేరే చోటికి మార్చుకున్నా, పరలోకంలో ఉన్న లూయీకి వచ్చే నష్టమేమీ లేదు. జపమాలను ఎదుటివాడి నోరు మూయించడానికి వాడుకుంటే మాత్రం నష్టం మనకే.

ఇప్పుడు ఆ రాత్రి నాకెందుకు నిద్రపట్టలేదో చెబుతాను.

మా తాతగారు ఉపదేశి. కాలినడకన మూడు ఊళ్లు తిరిగి జపాలు నేర్పారు. కలరా వచ్చినప్పుడు ఎవరూ ముట్టని శవాలను తన భుజం మీద మోసి పూడ్చారు. మా ఊరి గుడి ఆయన చేతుల మీదుగా లేచింది. ఆయన పటానికి ఏటా నవంబరు 2న దండ వేస్తాం. గుడి స్వర్ణోత్సవ సంచికలో ఆయన గురించి నాలుగు పేజీలు నేనే రాశాను. సంచిక పంచిపెట్టిన రోజు సాయంత్రం ఒక పెద్దాయన నా దగ్గరకు వచ్చి నెమ్మదిగా అన్నాడు.

"మేష్టారూ, మీ తాతగారు మాకు జపాలు నేర్పారు. అది రాశారు, సంతోషం. మా పేటవాళ్లను గుడి వెనక తలుపు దగ్గర విడిగా కూర్చోబెట్టిందీ ఆయనే. అది రాయలేదు. మేము ఆయన్ని తిట్టమనడంలేదండీ. మేము అక్కడ కూర్చున్నామని మాత్రం రాయండి."

నేను జవాబు చెప్పలేకపోయాను. చిన్నతనంలో నేను ముందు చాప మీద కూర్చొని, వెనక్కి తిరిగి చూసినప్పుడు ఆయన ఆ తలుపు దగ్గరే ఉండేవాడు. నాకు అది వింతగా కూడా తోచలేదు. "ఆ కాలం అలాంటిది" అని సర్దిచెప్పుకొని ఇంటికి వచ్చేశాను. ఆ పెద్దాయన కూడా ఆ కాలం వాడేనని నాకు స్ఫురించలేదు. ఇన్నేళ్లకు మనుమడి ఫోను వచ్చిన రాత్రి స్ఫురించింది.

తెల్లవారగానే మనుమడికి నేనే ఫోను చేశాను. "జపమాల చెప్పుకో, వద్దనను. కాని ముందు నీ స్నేహితుణ్ణి కూర్చోబెట్టి, ఆ విగ్రహాన్ని చూస్తే అతనికి ఏమనిపిస్తుందో అడుగు. మధ్యలో అడ్డుపడకుండా విను" అన్నాను. కొన్ని రోజుల తరువాత వాడు చెప్పిన మాట ఇది. "తాతయ్యా, వాళ్లింట్లో ఏటా ఒక ఉపవాస దినాన, ఆ తగలబడిన పుస్తకాల మీద రాసిన శోకగీతం చదువుకుంటారట. ఇప్పటికీ!" రబ్బీ మెయీర్ గీతమే అది. మనకు రాజు పండుగ గుర్తున్నన్ని ఏళ్లుగా వాళ్లకు ఆ మంట గుర్తుంది. ఇద్దరి జ్ఞాపకాలూ ఒకే మనిషివి.

1965 అక్టోబరు 28న సెయింట్ లూయిస్ నగరంలో మిసిసిపీ ఒడ్డున ఆకాశమంత ఎత్తు తోరణానికి చివరి ముక్క అమర్చారు. గుర్రం మీది రాజుకు బదులు ఆ తోరణమే నగరానికి గుర్తుగా మారిపోయింది. సరిగ్గా అదే రోజున రోము నగరంలో రెండవ వాటికన్ మహాసభ ఇతర మతాలవారిని గురించిన ప్రకటనను వెలువరించింది. యూదులను ద్వేషించడం, హింసించడం తగదని శ్రీసభ స్పష్టంగా చెప్పింది అందులోనే. 2000 మార్చి 12న రెండవ జాన్ పాల్ పాపుగారు శ్రీసభ బిడ్డలు చేసిన పాపాలకు బహిరంగంగా దేవుని క్షమాపణ వేడుకున్నారు. ఆ నెల 26న యెరూషలేములో పశ్చిమపు గోడ రాళ్ల మధ్య తన ప్రార్థన చీటీ పెట్టి వచ్చారు. ఆనాడు ఆ ముసలి చేతులు వణుకుతూ ఆ గోడను తాకడం టీవీలో చూసినవారికి గుర్తుండే ఉంటుంది. లూయీ రాజు 1247లో మొదలుపెట్టిన విచారణ ఆ రోజున ఒక అడుగు ముందుకు వేసిందని నాకనిపిస్తుంది. అప్పుడు అడగవలసి ఉండి అడగనివారిని ఇప్పుడు అడిగారు.

అందువల్ల ప్రియ సోదరీ సోదరులారా, రాజుగారు గుర్రం దిగనక్కరలేదు. ఆయన చెట్టుకింద కూర్చొని విన్నట్టుగా మనం దిగి వినాలి. ఆయన విగ్రహం దగ్గర అన్నం పెట్టిన సంగతీ, పుస్తకాలు తగలబెట్టిన సంగతీ రెండూ చెప్పే రోజు వస్తే, ఆయన పరలోకం నుంచి అభ్యంతరం చెబుతారని నేను అనుకోను. తన మీద ఫిర్యాదులు రాసుకురమ్మని గురువులను పంపినవాడు కదా!

మన ఇళ్లలోనూ పటాలున్నాయి. మన గుళ్లకూ చరిత్రలున్నాయి. ఈ ఆగస్టు 25న పునీత లూయీని తలచుకునేటప్పుడు, మీ ఇంటి పెద్దల మంచిని పిల్లలకు చెప్పండి. ఆ మంచి అందనివారు ఎవరో, తలుపు దగ్గర కూర్చున్నది ఎవరో, అదీ చెప్పండి. వాళ్ల మనుమలు మీ పక్క వీధిలోనే ఉంటారు. వీలైతే వెళ్లి అడగండి.

నేను ఆలస్యంగానైనా వెళ్లాను. ఆ పెద్దాయన అప్పటికే ప్రభువు సన్నిధికి చేరుకున్నారు. ఆయన కుమారుడు నాకు కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఆ ఏడు మా తాతగారి జ్ఞాపకార్థ పూజలో, గురువుల అనుమతితో, రెండు సంగతులూ నేనే నిలబడి చెప్పాను. పటం గోడ మీదే ఉంది. దండ వేసేటప్పుడు ఇప్పుడు నేను రెండు ప్రార్థనలు చేస్తాను. ఒకటి ఆయన ఆత్మకోసం. రెండోది, నా కంటికి ఈనాడు కనిపించని అన్యాయం ఏదో ఉంటే, నా మనుమలు కనిపెట్టేలోగా ప్రభువు నాకే చూపించాలని.